ట్రాక్ డేకి ఏ టైరు? ముందు ఆ ఎడమ టైరు ఏం చెప్తుందో విను

తమ్ముడి ఉత్తరం కొంచెం కుదించి పెడుతున్నా (ట్రాక్ డే అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజు):

"అన్నా, నాది గోల్ఫ్ జీటీఐ, ఏడో జనరేషన్, 225/40 ఆర్18 టైర్లు. రోజూ ఆఫీసుకి దాన్లోనే. ఈ ఏడాది రెండు ట్రాక్ డేలకి వెళ్లొచ్చా, పిచ్చి పట్టేసింది. కాకపోతే రెండుసార్లూ ఒకటే కథ, మొదటి మూడు ల్యాప్‌లు బ్రహ్మాండం, నాలుగో ల్యాప్ నుంచి స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు భాగం మాట వినట్లేదు, బయటికి జారిపోతోంది. ఇంటికొచ్చి చూస్తే ఎడమ ముందు టైరు బయటి అంచు పెచ్చులు లేచి ఉంది, మిగతా మూడూ బానే ఉన్నాయి. తెలిసినవాళ్లంతా సెమీ స్లిక్ (గీతలు తక్కువ ఉండే ట్రాక్ టైరు) వేసెయ్ అంటున్నారు. వెనక టైర్లు ఇంకా సగానికి పైగా ఉన్నాయి కదా, ముందు రెండే మార్చేద్దాం అనుకుంటున్నా. ఏది కొనమంటావ్?"

తమ్ముడూ, ఆఖర్లో అడిగిన దానికి ముందు చెప్పేస్తా, మిగతాది తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు రెండే మార్చే ఆలోచన ఇప్పుడే మానెయ్. ముందు బాగా పట్టే టైర్లు, వెనక పాత గట్టి టైర్లు, ఇది హాట్ హ్యాచ్‌లో, అంటే నీ గోల్ఫ్ లాంటి బలమైన ఇంజన్ ఉన్న చిన్న కారులో, చాలా ప్రమాదమైన కాంబినేషన్. నీ కారు వెనక భాగం అసలే తేలిక, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలావంటే బరువంతా ముందుకి వెళ్తుంది, ముందు టైర్లు గట్టిగా పట్టుకుంటాయి, వెనక టైర్ల మీద బరువూ లేదు పట్టూ లేదు, కారు బొంగరంలా తిరిగిపోతుంది. ఇప్పుడు నీకు వస్తున్న అండర్‌స్టీర్ (ముందు భాగం బయటికి జారడం) అయితే యాక్సిలరేటర్ తగ్గిస్తే సర్దుకుంటుంది, ఇదేమో తగ్గించడం వల్లే వస్తుంది, అంటే నువ్వు ఇన్నాళ్లూ అలవాటు చేసుకున్న పనే నిన్ను తిప్పేస్తుంది. పైగా ముందు చక్రాలే లాగే ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో వెనక టైర్లు వేడెక్కడానికి ముందువాటికంటే రెండు మూడు ల్యాప్‌లు ఎక్కువే పడుతుంది కాబట్టి మొదటి ల్యాప్‌ల్లో ఈ తేడా ఇంకా ఘోరంగా ఉంటుంది. నాలుగూ ఒకే టైరు, ఒకే వయసు, ఇందులో బేరం లేదు.

ఇక అసలు సంగతి. నువ్వు గ్రిప్ తక్కువైందని అనుకుంటున్నావ్. నేను నీ ఉత్తరం చదివి అలా అనుకోలేదు. మొదటి మూడు ల్యాప్‌లు బ్రహ్మాండం అన్నావ్ కదా, అంటే గ్రిప్ ఉంది, తర్వాత పోయింది, వేడికి పోయింది. అది కూడా నాలుగు టైర్లలో కాదు, ఒక్క టైర్‌లో, అందులోనూ ఒక్క అంచులో. దీనికి టైరు ఒక్కటే కారణం కాదు.

ఎడమదే ఎందుకు అంటే ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపుకి తిరుగుతుండాలి, కుడి మలుపులు ఎక్కువ, ప్రతి కుడి మలుపులో బరువంతా ఎడమ ముందు చక్రం మీదే. ఈ కారు బరువులో 60 శాతం పైనే ముందు ఇరుసు మీద ఉంటుంది, బ్రేక్ కొడితే ఇంకా ఎక్కువ, ఆ బరువుతోనే తిరగాలి, ఆగాలి, బయటికి వచ్చేటప్పుడు టర్బో ఇచ్చే తోపు కూడా అదే టైరు రోడ్డు మీద పెట్టాలి. వెనక టైర్లకి నిజం చెప్పాలంటే తోడు రావడం తప్ప పెద్ద పని లేదు. వేడి ఎలా పుడుతుందంటే, ఒక ఇనప తీగని అటూ ఇటూ గబగబా వంచి ఆ వంపు దగ్గర వేలు పెట్టి చూడు, కాలుతుంది కదా, రబ్బరూ అంతే. మామూలు రోడ్డు టైరు కొత్తగా ఉన్నప్పుడు గీతల లోతు దాదాపు 8 మి.మీ. ఉంటుంది, ఆ పొడుగాటి రబ్బరు దిమ్మలు మలుపు మలుపుకీ పక్కకి వంగి లేస్తూ లోపల్నుంచి వేడెక్కిపోతాయి, వర్షంలో నీళ్లు తోయడానికి పెట్టిన లోతే ఇక్కడ శత్రువు అయిపోతుంది. అందుకే సగం అరిగిన రోడ్డు టైరు పొడి ట్రాక్ మీద కొత్తదానికంటే బాగా పనిచేయడం చూస్తుంటాం. సెమీ స్లిక్‌లో గీతలు మొదట్నుంచే తక్కువ లోతు, దిమ్మలు పెద్దవి, రబ్బరు కూడా ఎక్కువ వేడిలో పనిచేసేలా కలిపినది. తేడా అంతా అక్కడే ఉంది.

సరే, మరి ఆ అంచే ఎందుకు పోయింది? క్యాంబర్, అంటే చక్రం నిలువుగా కాకుండా పక్కకి ఒరిగి ఉండే కోణం, పై అంచు లోపలికి ఒరిగితే నెగటివ్. నీ కారుకి ముందు చక్రాల దగ్గర మెక్‌ఫర్సన్ స్ట్రట్ అనే సస్పెన్షన్, కారు ఒరిగినప్పుడు చక్రం కూడా బయటికి ఒరిగిపోతుంది, ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో నెగటివ్ క్యాంబర్ అర డిగ్రీ చుట్టుపక్కలే, దాంతో మలుపులో టైరు మొత్తం రోడ్డుకి ఆనకుండా బయటి అంచు మీదే నిలబడుతోంది. ఈ స్థితిలో ఎంత గొప్ప టైరు వేసినా అంచే పోతుంది, కాకపోతే ఖరీదైన అంచు పోతుంది. ముందు చక్రాలకి రెండు నుంచి రెండున్నర డిగ్రీల నెగటివ్ క్యాంబర్ పెట్టించు. కొన్ని కార్లకి క్యాంబర్ బోల్టులతో పనైపోతుంది గానీ నీ గోల్ఫ్‌లో స్ట్రట్ కింద హబ్‌లోకి దిగి బిగుసుకుంటుంది కాబట్టి ఆ దారి లేదు, స్ట్రట్ పై చివరని పక్కకి జరపనిచ్చే అడ్జస్టబుల్ టాప్ మౌంట్లు వేయించుకోవాలి. రోజూ రోడ్డు మీద తిరిగితే లోపలి అంచు అరిగిపోదా అంటావేమో, కొంచెం అరుగుతుంది, కానీ టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నాకి దగ్గర్లో పెట్టిస్తే భయపడేంత కాదు, రోడ్డు మీద లోపలి అంచుని తినేది ఎక్కువగా టోనే. టైర్లకంటే ముందు ఇది చేయించు అని నేను ప్రతి ఒక్కరికీ చెప్తా, పది మందిలో ఒకరిద్దరే వింటారు, మిగతావాళ్లు ఇంకో రెండు టైర్లు పాడుచేసుకుని అప్పుడొస్తారు.

గాలి సంగతి రాయలేదు నువ్వు. రోడ్డుకి పెట్టుకునే 34 పీఎస్ఐతోనే ట్రాక్ మీదకి వెళ్లావని నా అనుమానం. లెక్క చూడు, టైరు లోపలి గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ప్రెషర్ దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర 34 పెట్టుకుని దిగితే, లోపలి గాలి 80 డిగ్రీలకి చేరేసరికి 42 దాటిపోతుంది, టైరు మధ్యలో ఉబ్బి రోడ్డుకి ఆనే జాగా తగ్గిపోతుంది, తగ్గిన జాగా ఇంకా జారి ఇంకా వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు 27, 28 దగ్గర మొదలుపెడితే వేడి మీద 34, 35 దగ్గర నిలబడుతుంది, నీలాంటి బరువైన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి వేడి మీద 33 నుంచి 36 మధ్య ఎక్కడో నీ నంబర్ దొరుకుతుంది. సెషన్ అయిపోయి పిట్‌లోకి రాగానే, రెండు నిమిషాల్లోపే కొలవాలి, టీ తాగొచ్చి కొలిస్తే అది వేరే నంబర్. ఎడమది కుడిదానికంటే ఎక్కువ పెరుగుతుంది కాబట్టి పొద్దున ఎడమలో ఒకటి రెండు పీఎస్ఐ తక్కువతో మొదలుపెట్టు. టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, అక్కడ్నుంచి ట్రెడ్ (రోడ్డుకి ఆనే భాగం) మీదకి చాక్‌పీస్‌తో అడ్డంగా గీత గీసి వెళ్లు, వచ్చాక గీత ఆ త్రికోణం దాటి చెరిగిపోతే టైరు గోడ మీదకి మడతపడుతోందన్నమాట, గాలి ఇంకొంచెం పెట్టాలి, త్రికోణానికి చాలా ముందే ఆగిపోతే కొంచెం తీసేయొచ్చు. ఇంటికి బయల్దేరే ముందు మాత్రం రోడ్డుకి ఎంత ఉండాలో అంత నింపుకో, వేడి మీద గాలి తీసేసిన టైరు చల్లారాక 25, 26కి పడిపోతుంది, అలా హైవే ఎక్కకూడదు.

ఇప్పుడు సెమీ స్లిక్ గురించి. నాకు ఆ టైర్లంటే చెడ్డ ఇష్టం, అయినా నీకు వద్దంటున్నా, ఎందుకో చెప్తా. చాలా ఏళ్ల కింద నేనూ నీలాగే ఒకే కారు, ఒకే సెట్ టైర్లు, సెమీ స్లిక్ వేసుకుని ట్రాక్‌కి వెళ్లి సాయంత్రం అవే టైర్ల మీద ఇంటికి బయల్దేరా. దారిలో కుండపోత వాన. పక్కన చిన్న కార్లు, వ్యాన్లు మామూలుగా వెళ్లిపోతున్నాయి, నేను వాళ్లందరికంటే నెమ్మదిగానే ఉన్నా, ఒక చోట నీళ్లు నిలిచి ఉన్నాయి, స్టీరింగ్ ఒక్కసారిగా చేతిలో తేలికైపోయింది, అంతే, కారు నీళ్ల మీద తేలి రెండు చుట్లు తిరిగి పక్కనున్న రెయిలింగ్‌కి వీపు కొట్టుకుని ఆగింది. వెనక ఎవరూ లేరు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. ఆ టైరులో తప్పేం లేదు, అది చేయాల్సిన పని అది కాదు, నేనే దాన్ని తీసుకెళ్లి నీళ్లలో పెట్టా. కొత్తగా ఉన్నప్పుడే లోతు తక్కువ గీతలు, రెండు ట్రాక్ డేలకి సగం అరిగాక ఇంకేం మిగుల్తుంది? చాలా దేశాల్లో చట్టం 1.6 మి.మీ. వరకు ఒప్పుకుంటుంది, కానీ సెమీ స్లిక్‌లో ఆ లోతు దగ్గర నిలిచిన నీళ్ల మీదకి వెళ్లమని నా శత్రువుకి కూడా చెప్పను. చలిలో కూడా అంతే, ఆ రబ్బరు వేడెక్కేదాకా గట్టిగా చెక్కలా ఉంటుంది, పొద్దున్నే ఆఫీసుకి వెళ్లే దారిలో అది వేడెక్కే అవకాశమే లేదు.

ఇంకో కారణం నీ కారు. గ్రిప్ పెరిగితే మలుపుల్లో వేగం పెరుగుతుంది, పొడుగాటి మలుపుల్లో ఇంజన్ ఆయిల్ సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఒక పక్కకి పోయి పంపుకి అందకపోయే ప్రమాదం ఉంది, బ్రేకులు ఎక్కువ వేడెక్కుతాయి, వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది. నీ జీటీఐలో ఎక్స్‌డీఎస్ అనేది లోపలి చక్రానికి బ్రేక్ వేసి కారుని తిప్పుతుంది, అంటే నువ్వు బ్రేక్ తొక్కనప్పుడు కూడా ముందు బ్రేకులు పని చేస్తూనే ఉన్నాయి. బ్రేక్ ఫ్లూయిడ్ పాతదైతే ముందు అది మార్చు. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగొచ్చు, పెడల్ నేలకి ఆనిపోయాక ఏ టైరూ కాపాడదు. ప్యాడ్లు కూడా చూసుకో, ఆయిల్ గుర్తు పై గీత దగ్గరే ఉంచు.

టైర్ల పేర్లలోకి వద్దాం, ఇదే కదా నువ్వు అసలు అడిగింది. నా లెక్కలో మూడు మెట్లు. మొదటి మెట్టు మంచి రోడ్డు టైరు, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటివి. వర్షంలో భయం లేదు, రోజూ వాడుకోవచ్చు, ట్రాక్ మీద మూడు నాలుగు గట్టి ల్యాప్‌లు తిరిగి ఒక ల్యాప్ చల్లార్చుకుంటూ వాడితే బాగానే నేర్పిస్తుంది, ఆపకుండా తిరిగితే మాత్రం నీకు జరిగిందే మళ్లీ జరుగుతుంది. మూడో మెట్టు సెమీ స్లిక్, మిషెలిన్ కప్ 2, టోయో ఆర్888ఆర్, నాన్‌కాంగ్ ఏఆర్-1 ఇవన్నీ, ఇందులో ఏఆర్-1 వేడిని బాగా తట్టుకుని చాలా సెషన్లు ఒకేలా ఉంటుందని ట్రాక్ జనంలో పేరు, ఆర్888ఆర్ రోడ్డు మీద విమానం మోత. హోండా సివిక్ టైప్ ఆర్ 2023లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో 7 నిమిషాల 44.881 సెకన్లలో తిరిగింది అని అందరూ చెప్పుకుంటారు గానీ, అది కప్ 2 కనెక్ట్ టైర్ల మీద, మామూలుగా ఆ కారు వచ్చేది పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద. రికార్డు చూసి టైరు కొనాలనిపించినప్పుడు, రికార్డు కొట్టినవాళ్లు ఆ టైర్లు వేసుకుని పొద్దున్నే ఆఫీసుకి వెళ్లలేదని గుర్తు చేసుకో.

నీకు కావాల్సింది మధ్య మెట్టు. గట్టి రబ్బరు దిమ్మలు, వేడిని తట్టుకునే రబ్బరు, నీళ్లు పోవడానికి సరిపడా గీతలు, హాంకూక్ వెంటస్ ఆర్ఎస్4, యోకోహామా అద్వాన్ నియోవా ఏడీ09, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా ఏ052 ఇలాంటివి. వీటి మధ్య కూడా చాలా తేడా ఉంది, ఇక్కడే జనం మోసపోతారు. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, అమెరికాలో మొదలైన పద్ధతి, 100 అంటే పోల్చి చూసే టైరు, 200 అంటే దానికి రెండింతలు మన్నాలి. కానీ ఆ అంకె తయారుచేసిన కంపెనీయే వేసుకుంటుంది, పైగా పరీక్ష మామూలు రోడ్డు మీద మామూలు డ్రైవింగ్‌లో జరుగుతుంది, ట్రాక్ వేడిలో కాదు. ఏ052 మీదా 200 అనే ఉంటుంది, ఆర్ఎస్4 మీదా 200 అనే ఉంటుంది. ఏ052 రెండు నిమిషాల్లో వేడెక్కి ఒకటి రెండు ల్యాప్‌లు సెమీ స్లిక్‌లా పట్టేస్తుంది, బరువైన కారులో ఎక్కువ సేపు తిప్పితే వేడికి మెత్తబడి త్వరగా అరిగిపోతుంది, టైమ్ కొట్టాలనుకునేవాళ్ల టైరు అది. ఆర్ఎస్4 మొదటి ల్యాప్‌లో అంత మెరుపు చూపించదు, కానీ ఇరవై నిమిషాల సెషన్‌లో ఆఖరి ల్యాప్ కూడా మొదటిదానిలాగే ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది, జారబోయే ముందు మెల్లగా చెప్పి జారుతుంది. నీ స్టేజ్‌లో అదే కావాలి, ఎందుకంటే నాలుగో ల్యాప్‌లో టైరు మారిపోతే తప్పు నీదా టైరుదా అని నీకు ఎప్పటికీ తెలీదు, నేర్చుకోవడం ఆగిపోతుంది. నీకు నా ఓటు ఆర్ఎస్4కి, దొరక్కపోతే ఏడీ09.

వీలైతే ఇంకో సెట్ రిమ్ములు కొనుక్కో. 17 అంగుళాల రిమ్ముకి 225/45 ఆర్17 టైరు వేస్తే మొత్తం ఎత్తులో తేడా మూడు మి.మీ. మాత్రమే, టైర్లు చవక, ఎంచుకోవడానికి రకాలు ఎక్కువ. కొనే ముందు రిమ్ము బ్రేక్ క్యాలిపర్‌కి తగలట్లేదని ఒకసారి పెట్టి చూసుకో, పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్న కారుకి పెద్ద డిస్కులు ఉంటాయి. లోడ్ ఇండెక్స్ కూడా చూడు, నీ 18 అంగుళాల టైరు మీద 92 ఉంటే ఒక్కో టైరు 630 కిలోలు మోస్తుందని అర్థం, 17లో 91 అయితే 615 కిలోలే, కాబట్టి 94 ఉన్నది తీసుకో, 670 కిలోలు. టైరు మీద డాట్ కోడ్ అని ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది, 2324 అంటే 2024లో 23వ వారం, ట్రాక్ టైరు తక్కువకి వస్తోందంటే ముందు ఆ అంకెలు చూడు, ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్న రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. చక్రాలు మార్చుకున్నాక బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించు, నీ గోల్ఫ్‌కి 120 న్యూటన్ మీటర్లు, మొదటి సెషన్ తర్వాత చల్లారనిచ్చి ఇంకోసారి చూసుకో.

రెండో సెట్ పెట్టుకునే జాగా లేదు, ఒకే సెట్ తోనే అన్నీ అంటే మాత్రం నా సమాధానం మారుతుంది, అప్పుడు పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటిదే వేసుకుని, క్యాంబర్ పెట్టించి, గాలి సరిచేసుకుని, చల్లార్చుకుంటూ తిరుగు. ఏడాదికి అయిదారు ట్రాక్ డేల కోసం మిగతా మూడొందల పైచిలుకు రోజులు వానలో భయపడుతూ తిరగడం నాకు సబబుగా అనిపించదు.

కొత్త టైర్లు వేసుకున్న మొదటి రోజు మొదటి సెషన్ మెల్లగా తిరుగు, వేడెక్కనిచ్చి పూర్తిగా చల్లారనివ్వు, వీలైతే ఒక రోజంతా వదిలెయ్, రబ్బరు సర్దుకుని ఎక్కువ కాలం వస్తుంది. ప్రతి ట్రాక్ డే తర్వాత ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చు, నాలుగూ కలిసి అరుగుతాయి. టైరు మీద బుడగలు కనిపిస్తే వేడి మరీ ఎక్కువైంది, పైన గరగరగా చిన్న చిన్న ముక్కలు చుట్టుకుపోతే టైరు వేడెక్కకముందే జారించావు అని, ఈ రెండిటికీ మందు డ్రైవింగ్‌లోనే ఉంది. మలుపులోకి మరీ వేగంగా వచ్చి స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పుతూ పోతే ముందు టైరుని గరుకు కాగితానికేసి రుద్దినట్టే. నీ చేతులు ఆ పని చేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక సెషన్‌లో పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెట్టుకో.

క్యాంబర్ పెట్టించి గాలి సరిచేసుకున్నాక, ఇప్పుడున్న టైర్లలో దెబ్బతినని మూడూ అలాగే ఉంచి, పెచ్చులు లేచిన దాన్ని మాత్రం వాడకు, లోపలి దారాలు కనిపిస్తున్నా కనిపించకపోయినా సరే. దాని బదులు అదే మోడల్, అదే సైజు, మిగతావాటిలాగే అరిగినది ఒకటి వెతికి వేసి ఇంకో ట్రాక్ డేకి వెళ్లిరా. ప్రతి సెషన్ అయ్యాక నాలుగు టైర్ల గాలి, ఎన్నో ల్యాప్‌లో జారడం మొదలైందో ఒక చిన్న పుస్తకంలో రాసుకో, సాయంత్రం ఆ ఎడమ ముందు టైరు బయటి అంచుది ఒకటి, లోపలి అంచుది ఒకటి ఫోటోలు తీసి ఆ పేజీతో పాటు నాకు పంపు. రెండున్నర డిగ్రీలు సరిపోయాయో ఇంకో అర డిగ్రీ కావాలో అది చూసి చెప్తా, కొత్త టైర్ల ఆర్డర్ అప్పుడు పెడుదువుగాని.